నిప్పు దగ్గరి మనిషికి చప్పట్లు

మంగళవారం సాయంత్రం బ్యూనస్ ఎయిర్స్‌లో లాడ్జి ముందు కారు ఆపి, ఎవారిస్తో దొర మొదట మాట్లాడింది కత్తి గురించి.

"నికనోర్, ఆ నడుముకున్నది తీసి గదిలో పెట్టెయ్యి. రేపు మనం భోంచేసే చోటికి అది పెట్టుకుని వస్తే బాగుండదు. ఎల్లుండి కోర్టులోనైతే గుమ్మంలోనే లాక్కుంటారు."

నికనోర్ తల ఊపాడు. నడికట్టులో వీపు వెనక అడ్డంగా దోపుకున్న కత్తి అది. పదమూడో ఏటి నుంచీ అక్కడే ఉంది. దూడ చెవికి గుర్తు కోసేది దానితోనే, చిక్కుపడ్డ తాడు తెంచేది దానితోనే, మధ్యాహ్నం మాంసం తినేదీ దానితోనే. గదిలోకి వెళ్ళి దాన్ని తువ్వాల్లో చుట్టి, మంచం పక్క సొరుగులో ఉన్న బైబిలు మీద పెట్టాడు. పెట్టాక తప్పనిపించింది. బైబిలు పైకి తీసి, కత్తిని దాని కిందకి నెట్టాడు. నడుం తేలికైంది. ఆ తేలిక అతనికి నచ్చలేదు.

ఉత్తరాన కొర్రియెంతెస్ రాష్ట్రం నుంచి ఎనిమిది గంటల ప్రయాణం. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆ దొర ఎస్టేటులో మేస్త్రీగా చేస్తున్నా, దొర పక్క సీట్లో కూచోవడం నికనోర్‌కి అదే మొదటిసారి. ఎప్పుడూ వెనక ట్రక్కులో ఉప్పు బస్తాల మీదో, జీనుల మీదో కూచున్న మనిషి. దారి పొడుగునా దొర వానల గురించి, సంతలో ఆబోతుల ధరల గురించి మాట్లాడాడు. మోకాళ్ళ మీద టోపీ పెట్టుకుని నికనోర్ 'అవును దొరగారూ' అంటూ వచ్చాడు. చివరి గంటలో గాని ఇసిద్రో పేరు రాలేదు.

"నువ్వు రెండు ముక్కలు చెప్తే చాలు. ఇసిద్రో ఆ పొద్దున తాగి ఉన్నాడు. గేటు గడియ వెయ్యడం మర్చిపోయాడు. అంతే."

"నేను అక్కడే ఉన్నాను దొరగారూ. నేను చూసింది..."

"నువ్వు చూసిందేమిటో రేపు వకీలు గారు నీకు వివరంగా చెప్తారులే," అన్నాడు దొర, నవ్వుతూనే.

నికనోర్ చూసింది ఇది. మార్చి నెలలో టీకాల రోజు. పశువుల్ని ఒక్కొక్కటిగా తోలే ఇరుకు దారి చివర ఒక ఇనుప గేటు ఉంది. దాని గడియ అరిగిపోయి ఏడాది దాటింది. మార్పించమని నికనోర్ మూడుసార్లు చెప్పాడు, మూడుసార్లూ దొర సంత అయ్యాక చూద్దామన్నాడు. ఆ పొద్దున గడియ బొత్తిగా నిలవకపోతే నికనోర్ తన చేత్తోనే తీగ తెచ్చి, నాలుగు చుట్లు చుట్టి, పట్టకారుతో మెలిపెట్టాడు. పదింటికి ఒక ఆబోతు బెదిరి ఎగబడింది. తీగ తెగింది. గేటు విసురుగా తెరుచుకుని, అవతల నిలబడ్డ పశువుల కాపరి ఇసిద్రోని కొయ్య స్తంభానికి అదిమేసింది. అతను అక్కడే పోయాడు. ఇసిద్రో తాగి లేడు. అవి ఈస్టరుకి ముందు తపస్సుకాలపు నలభై రోజులు. ఏటా ఆ రోజుల్లో అతను చుక్క ముట్టడు. తెగిన తీగ ముక్క నికనోర్ జేబులో వేసుకున్నాడు, ఎందుకో తెలియకుండానే. సాయంత్రానికి గేటుకి కొత్త గడియ వచ్చింది.

ఇసిద్రో భార్య హెర్మీనియా దొర ఎస్టేటు కంపెనీ మీద దావా వేసింది. కంపెనీ ఆఫీసు రాజధానిలో ఉంది కాబట్టి కోర్టు కూడా ఇక్కడే. చూసిన సాక్షి ఒక్కడే. ఆ ఒక్కడూ ఆమె కూతురికి జ్ఞానతండ్రి. జ్ఞానస్నానం రోజున కొవ్వొత్తి పట్టుకుని, ఈ బిడ్డకి తండ్రి లేని రోజున తండ్రినవుతానని చర్చిలో గురువు ముందు ఒప్పుకున్నవాడు.

బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకి వాళ్ళని వకీలు సొలారి హోటలు గుమ్మంలోనే కలిశాడు. సన్నగా, శుభ్రంగా, పిల్లలకి పాఠం చెప్పే పంతులులా ఉన్నాడు. నికనోర్‌తో చెయ్యి కలిపి, ఆ చేతిని వెంటనే వదలకుండా లోపలికి నడిపించుకు వెళ్ళాడు.

ఎర్ర ఇటుకల గోడలు, బల్లల మీద గంజి పెట్టిన తెల్లటి గుడ్డలు, చీలమండల దాకా వేలాడే నల్లటి ఏప్రన్లతో వడ్డించేవాళ్ళు. అద్దం గోడకి అవతల నిప్పు. నికనోర్ ముందు చూసింది దాన్నే. పక్కన ఇనుప బుట్టలో కర్ర మండుతోంది. రాలిన నిప్పుల్ని ఒక మనిషి పారతో లాగి, ఏటవాలు చువ్వల కింద పరుస్తున్నాడు. చువ్వల్ని పైకెత్తడానికీ కిందకి దించడానికీ గొలుసు, చక్రం. ఆ కర్ర వాసన నికనోర్‌కి తెలుసు. వాళ్ళ ప్రాంతపు ముళ్ళచెట్టు. గొడ్డలి నోరు వంకరపోతుంది గాని ఆ చెట్టు లొంగదు. అంత దూరం నుంచి ఇక్కడ కాలడానికి వచ్చింది.

వాళ్ళ బల్ల మూలగా, వీధి వైపు పెద్ద కిటికీ పక్కన ఉంది. వకీలు నికనోర్‌ని కిటికీకి ఎదురుగా కూచోబెట్టాడు.

వడ్డించే అతను వంటకాల పేర్లున్న అట్ట తెచ్చి ఇచ్చాడు. ఏ మాంసం ఏ ఎస్టేటు పశువుదో అందులో అచ్చువేశారు. దొర వేలు పెట్టి చూపించాడు. రెండో వరసలో వాళ్ళ ఎస్టేటు పేరు. "చూశావా? ఇది నువ్వు పెంచిందే అయ్యుండొచ్చు. చూస్తే గుర్తుపడతావా?"

నికనోర్ కూడా నవ్వాడు. గుర్తుపట్టడం ఎలా? పశువుకైతే ముఖం ఉంటుంది.

మాంసం ఎలా కాలాలని అడిగితే దొర లోపల ఎర్రగా, రసంతో కావాలన్నాడు. వకీలు ఇంకాస్త పచ్చిగా అన్నాడు. నికనోర్ బాగా కాలాలని చెప్పాడు. వడ్డించే అతని కనుబొమ్మ కొంచెం లేచింది, వెంటనే దిగింది.

"బాగా కాల్చి ఏం చేసుకుంటావయ్యా, చెప్పులు కుట్టించుకుంటావా?" అన్నాడు దొర.

"చెప్పులకైతే కాళ్ళ దగ్గరి తోలు కావాలి దొరగారూ. ఇది పక్కటెముకల మీది కండ, రెండు నెల్లు కూడా నడవదు."

వకీలు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వులో ఎగతాళి లేదు. అది చూసి నికనోర్‌కి కాస్త బెరుకు తగ్గింది. మంచివాడేనేమో అనుకున్నాడు. చెడ్డవాళ్ళు నవ్వితే తెలిసిపోతుందని వాళ్ళమ్మ అనేది. అది నిజమో కాదో ఇప్పటికీ అతనికి తేలలేదు.

మాంసం వచ్చింది. నికనోర్ శిలువ గుర్తు వేసుకుని, చెయ్యి వీపు వెనక్కి పోనిచ్చాడు. నడికట్టులో ఖాళీ తగిలింది. వకీలు చూడనట్టు నటించాడు. వడ్డించే అతను ముందుకి వంగి, కత్తితో పని లేదన్నట్టు, చెంచా అంచుతో మాంసాన్ని రెండుగా కోశాడు. చెంచా దిగిపోయింది. అంత మెత్తని మాంసం నికనోర్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. పైన నల్లగా కరకరలాడే పొర, లోపల ఎక్కడా నెత్తురు లేదు. అయినా ఎండిపోలేదు. బాగా కాల్చమంటే ఎవరైనా కోపంతో మాడ్చి పారేస్తారు. ఈ మనిషి నిప్పుని దూరం పెట్టి, చక్రం తిప్పుకుంటూ, ఓపికగా కాల్చాడు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకోగానే నికనోర్ కళ్ళు మూసుకున్నాడు. భార్య దెల్ఫీనాకి ఇందులో ఒక ముక్క పొట్లం కట్టించుకుని పట్టుకెళ్తే, అనుకున్నాడు. ఆ వెంటనే ఇసిద్రో గుర్తొచ్చాడు. నమలడం ఆగింది. మళ్ళీ నమిలాడు. దేవుడు నాలుకకి వేరే మనస్సాక్షి పెట్టలేదు కాబోలు.

వకీలు తినే మధ్యలోనే పని చెప్పాడు. జడ్జి ఏం అడుగుతాడో, దానికి ఎంత చెప్పాలో, ఎక్కడ ఆపాలో. గడియ గురించి అడిగితే మంచిగానే ఉందనాలి. వాసన గురించి అడిగితే సారా వాసన వచ్చినట్టుందనాలి. వచ్చిందని కాదు, వచ్చినట్టుందని. ఆ తేడా నికనోర్‌కి బాగా అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాడు. తీగ ప్రస్తావన వద్దు. "తీగ అంటే అది కట్టిన చెయ్యి ఎవరిదని అడుగుతారు. నీ మంచికే చెప్తున్నా, పెద్దాయనా."

దొర కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నికనోర్, దెల్ఫీనా ఉంటున్న ఇల్లు వాళ్ళిద్దరి జీవితాంతం వాళ్ళదే అని అందులో ఉంది. సంతకం చోట ఖాళీ. "రేపు కోర్టు అయ్యాక పెడతాను," అన్నాడు దొర. మళ్ళీ మడిచి లోపల పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వకీలు లేచి, పక్కకి వెళ్ళి ఎవరికో ఫోను చేశాడు. తిరిగొచ్చి హాయిగా కూచుని గ్లాసులు నింపించాడు. నికనోర్ మిగిలిన ముక్కలు తింటుంటే, కాసేపటికి అతని గ్లాసు ఎత్తించి, తన గ్లాసు తాకించాడు.

పళ్ళేలు తీసేశారు. నికనోర్ చూస్తూ కూచున్నాడు. ఎస్టేటులో అయితే ఇప్పుడు దొర లేచి 'నిప్పు దగ్గరి మనిషికి చప్పట్లు' అంటాడు. దొర, కూలీ అని లేకుండా అందరూ కొడతారు. ఆ చప్పట్లు పడకుండా ఎవరూ లేవరు. కాల్చినవాడు తినడానికి కూచునేది కూడా ఆ తర్వాతే. ఏ పెళ్ళిలోనూ, ఏ చావులోనూ అది తప్పదు. దొర మూతి తుడుచుకుని కాఫీ చెప్పాడు.

"దొరగారూ," అన్నాడు నికనోర్ చిన్నగా, "ఆ కాల్చినతనికి..."

"ఏమిటి? ఆ. ఇక్కడ దానికే కదా డబ్బులిస్తున్నాం."

నికనోర్ కాసేపు బల్ల గుడ్డ అంచు సవరించాడు. తన మాంసం కోసం అంతసేపు చక్రం తిప్పిన మనిషికి వీపు చూపించి వెళ్ళిపోవడం అతని వల్ల కాలేదు. లేచాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. బల్లల మధ్య నుంచి నడిచి, అద్దం గోడ పక్కన తెరిచి ఉన్న చోట నిలబడి, చప్పట్లు కొట్టాడు. తాళ్ళు లాగి కాయలు కాసిన ఆ చేతుల చప్పుడు హాలంతా వినపడింది. జనం తలలు తిప్పారు. పక్క బల్ల దగ్గర ఎవరో నవ్వి తామూ కొట్టారు. ఇంకో బల్ల అందుకుంది. వెనక నుంచి వకీలు కూడా లేచి నిలబడి, అందరికన్నా గట్టిగా కొడుతున్నాడు.

నిప్పు దగ్గరి మనిషి ముఖం తుడుచుకున్నాడు. యాభై ఏళ్ళుంటాయి. ముంజేతుల మీద వెంట్రుక లేదు, అంతా పాత కాలిన మచ్చలే. చప్పట్లు సద్దుమణిగే లోపు అతను గ్వరానీలో మాట్లాడాడు, వాళ్ళ ఇళ్ళల్లో మాట్లాడుకునే భాషలో.

"ఎక్కడ నుంచి వచ్చావన్నా? కొర్రియెంతెసేనా?"

నికనోర్ ఊరి పేరు చెప్పాడు. తనదీ అటే, గోయా ఊరని, పేరు తొరిబియో అని ఆ మనిషి చెప్పాడు. పారతో నిప్పులు సర్దుతూ, తల ఎత్తకుండానే మాట్లాడుతున్నాడు.

"బాగా కాలాలని చెప్పింది నువ్వే కదా. ఆ మూల బల్ల."

"నేనే. నీకెలా తెలిసింది?"

"ఆ బల్లకి వకీలు వస్తాడు. మామూలుగా అయితే చీటీ మీద అన్నీ రసంతోనే ఉంటాయి. ఎప్పుడైనా 'బాగా కాలాలి' అని ఒకటి వస్తే, మన పల్లె మనిషినెవర్నో తెచ్చాడని తెలుస్తుంది నాకు. మర్నాడు కోర్టు ఉందని కూడా." నిప్పుల మీద బూడిద కప్పాడు. "చెరకు తోట నుంచి ఒకతన్ని తెచ్చాడు. వరి మిల్లు నుంచి ఒక ముసలాయన్ని. ఇంకో అమ్మాయిని తెచ్చాడు, ఆమె సరిగ్గా తినలేదు. నువ్వు ఐదో మనిషివో, ఆరో."

"వాళ్ళేం చెప్పారు కోర్టులో?"

"నాకేం తెలుసన్నా? నా పని కాల్చడం. రెండోసారి ఎవరూ రాలేదు, అంత వరకే చూశాను." అప్పుడు తల ఎత్తాడు. "చప్పట్లు కొట్టింది మాత్రం నువ్వొక్కడివే."

నికనోర్ తిరిగి వచ్చి తన కుర్చీ చూశాడు. అదే కుర్చీ. కూచోవాలంటే ఎవరో కూచున్న చోట కూచుంటున్నట్టు అనిపించింది. కాఫీ వద్దని నిలబడే ఉన్నాడు.

సాయంత్రం లాడ్జి మెట్ల మీద నుంచి దెల్ఫీనాకి ఫోను చేశాడు. ఇసిద్రో కూతురు పది రోజుల నుంచీ వాళ్ళింట్లోనే ఉంటోంది, హెర్మీనియా కోర్టు పని మీద రాజధానికి వచ్చింది కాబట్టి. పిల్లకి జలుబు చేసిందని, తేనె నాకించానని, ఎర్రావు ఈనిందని దెల్ఫీనా చెప్పింది. తిండి పెట్టారా అని అడిగింది. పెట్టారన్నాడు. ఇంటి కాగితం సంగతి, అది ఏం చెప్తే వస్తుందో ఆ సంగతి చెప్పాడు. అవతల దెల్ఫీనా కోళ్ళని అదిలించింది.

"రేపు ఏం చెప్తావో నాకిప్పుడు చెప్పకు," అంది దెల్ఫీనా. "ఇప్పుడు చెప్తే నేను ఏదో ఒకటి అంటాను. ఇల్లు అంటానో, పిల్ల అంటానో నాకే తెలీదు. చెప్పేసొచ్చాక చెప్పు."

గదిలో మంచం పక్కన మోకరించాడు. తమ ప్రాంతపు మరియమ్మ, ఇతాతి మాతకి చెప్పుకోవడానికి పెద్దగా మాటలు దొరకలేదు. తీగ కట్టింది నేను, అన్నాడు ముందు. కోర్టులో అడగరు, నేనే చెప్తాను. దొర ఇల్లు తీసుకుంటే తీసుకోనివ్వు. ఇంక అబద్ధం నా నోట రానివ్వకు. అంత పెద్ద మాట అన్నాక భయమేసింది. భయం ఎందుకు పెట్టావమ్మా, నిజం చెప్పేవాడికి కూడా, అని అడిగాడు. అయినా నిద్ర పట్టింది.

గురువారం పొద్దున కోర్టు మూడో అంతస్తులో వరండా. గోడ పొడుగునా కొయ్య బెంచీలు. హెర్మీనియా ఎదురు బెంచీ మీద ఉంది. నల్ల బట్టలు, ఒళ్ళో గుడ్డసంచి. పక్కన ఆమె తరఫు వకీలమ్మ, పాతికేళ్ళ పిల్ల, కాగితాల కట్ట మీద కాగితాలు పెట్టుకుంటూ. నికనోర్ టోపీ తీశాడు. హెర్మీనియా చూసింది. ఎప్పుడూ 'అన్నా' అని నోరారా పిలిచే మనిషి, తల కూడా కదపలేదు. చూసి, ఎదురు గోడ మీదకి చూపు మార్చుకుంది.

నికనోర్ అటు వెళ్ళబోయాడు. సొలారి భుజం మీద చెయ్యి వేశాడు. సాక్షులు అవతలి పక్షంతో మాట్లాడకూడదని మర్యాదగానే చెప్పాడు. నిజమే కాబోలు. కోర్టు సంగతులు అతనికేం తెలుసు? కూచున్నాడు. చెప్పాల్సిన మాటలు లోపల వరసగా పెట్టుకున్నాడు, పశువుల్ని ఇరుకు దారిలో నిలబెట్టినట్టు. గడియ. మూడుసార్లు. తీగ. నా చెయ్యి. తపస్సుకాలం.

ఇద్దరు వకీళ్ళూ కిటికీ దగ్గర మాట్లాడుకున్నారు. తర్వాత వకీలమ్మ వచ్చి హెర్మీనియా చెవిలో ఏదో చెప్పింది. హెర్మీనియా చాలాసేపు సంచి పిడి మెలిపెడుతూ కూచుంది. లేచింది. దొర, సొలారి, వకీలమ్మ, హెర్మీనియా నలుగురూ ఒక గదిలోకి వెళ్ళారు. తలుపు మూసుకుంది.

నికనోర్ పేరు ఎవరూ పిలవలేదు. వరండాలో ఒక ఆడమనిషి నేల తుడుచుకుంటూ వచ్చింది. అతను కాళ్ళు పైకెత్తాడు. ఆమె దాటాక దించాడు.

అరగంటకి తలుపు తెరుచుకుంది. ముందు సొలారి వచ్చాడు. "నీకు శ్రమ లేకుండా అయిపోయింది పెద్దాయనా. రాజీ పడ్డారు. ఆమె సంతకం చేసేసింది."

"నేను చెప్పాల్సింది ఉంది."

"ఇంక అక్కర్లేదు."

"ఉంది," అన్నాడు నికనోర్. లేచి గదిలోకి వెళ్ళాడు. లోపల గుమస్తా ఒక్కడే ఉన్నాడు, కాగితాలకి చిల్లులు వేసి దారం ఎక్కిస్తున్నాడు. నికనోర్ బల్ల ముందు నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. గడియ అరిగిపోయి ఏడాది అయిందన్నాడు. తీగ కట్టింది తనేనన్నాడు. ఇసిద్రో తాగలేదన్నాడు. జేబులోంచి తీగ ముక్క తీసి కాగితాల పక్కన పెట్టాడు.

గుమస్తా దుర్మార్గుడేం కాదు. ఆగి విన్నాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "అయ్యా, ఇది రాసుకోవడానికి ఇప్పుడు ఫైలు లేదు. మూసేశాం. రెండు పక్షాలూ తగువు లేదని సంతకాలు పెట్టాయి. మీరు చెప్పేది ఎవరికి చెప్తున్నట్టు?" తీగ ముక్కని రెండు వేళ్ళతో ఎత్తి, తిరిగి అతని చేతిలో పెట్టాడు.

దొర గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. కారు దాకా నడిచాక, తాళంచెవి వెతుక్కుంటూ అన్నాడు: "ఇంటి కాగితం సంగతి తర్వాత చూద్దాం. శనివారం మందకి టీకాలున్నాయి, మర్చిపోకు. ఎక్కు."

"నేను బస్సులో వస్తాను దొరగారూ."

దొర అతన్ని కింద నుంచి పైకి చూశాడు. కోపం లేదు, కొత్త పశువుని అంచనా వేసే చూపు. "నీ ఇష్టం," అని తలుపు వేసుకున్నాడు.

రెతీరో బస్టాండులో నికనోర్‌కి హెర్మీనియాని వెతుక్కునే పని పడలేదు. ఆ పూట వాళ్ళ ఊరి వైపు వెళ్ళే బస్సు ఒక్కటే. హెర్మీనియా సిమెంటు తిన్నె మీద కూచుని, సంచిలోంచి రొట్టె తీసి ముక్కలు చేసుకు తింటోంది. నికనోర్ ఎదురుగా నిలబడ్డాడు. టోపీ చేతిలోకి తీసుకుని అంచు తిప్పసాగాడు.

"హెర్మీనియా, వాడు తాగలేదు. గడియ పాడైంది. దాని బదులు తీగ కట్టింది నేను. ఇవాళ అది చెబుదామనే వచ్చాను."

"తాగలేదని నాకు తెలుసు. ఆ రోజు ఒళ్ళు కడిగింది నేనే. నోరు కూడా నేనే తుడిచాను," అంది హెర్మీనియా. గొంతు పెంచలేదు. "వాడి సంగతి నాకు తెలుసు నికనోర్ గారూ. తెలియంది మీ సంగతే."

'గారూ' అన్న చోట నికనోర్ చేతుల్లో టోపీ ఆగింది.

"మొన్నటి దాకా మా వకీలమ్మతో చెప్తూనే ఉన్నాను, మా అన్న వస్తాడు, నిజం చెప్తాడు, రాజీ పడొద్దని. నిన్న మధ్యాహ్నం ఆ సొలారి ఆమెకి ఫోను చేశాడట. మీ సాక్షి నా పక్కన కూచుని భోంచేస్తున్నాడు, కావాలంటే వచ్చి చూసుకో అని. ఆఫీసు దగ్గరే, ఆమె వెళ్ళింది. కిటికీలోంచి చూసొచ్చి చెప్పింది. తింటున్నారట. గ్లాసులు తాకించుకున్నారట. ఆ పైన మీరు లేచి చప్పట్లు కొడుతున్నారట, హాలంతా నవ్వుతుంటే." రొట్టె ముక్క ఒళ్ళో పడితే ఏరి నోట్లో వేసుకుంది. "రాత్రంతా ఆలోచించాను. కోర్టులో మీ నోట మా ఆయన తాగుబోతని వింటే, ఇంటికెళ్ళి పిల్లకి ఏం చెప్పుకోను? ఆ మాట పుట్టకుండా ఉంటే చాలనిపించింది. పెట్టిన చోట సంతకం పెట్టాను."

ఆ చప్పట్లు కాల్చినతనికి అని చెప్పాలని నికనోర్‌కి నోటి దాకా వచ్చింది. ఆచారం కొద్దీ కొట్టానని, ఆమెకి కూడా తెలిసిన ఆచారమే కదా అని. చెప్పాడు కూడా. హెర్మీనియా విన్నది. నమ్మినట్టే తల ఊపింది. నమ్మితే మాత్రం ఏమైంది? సంతకం కాగితం మీద ఉంది. నిన్న మధ్యాహ్నమే అంతా అయిపోయింది. తను మోకరించింది ఆ తర్వాత. వాళ్ళకి కావలసింది తన నోట్లోంచి వచ్చే మాట కాదు. తన నోట్లోకి వెళ్ళే ముద్ద. ఇంత చిన్న సంగతి ఆకాశంలో ఉన్న తల్లికి నిన్న రాత్రి తెలియదా? తెలిసే నిద్రపోనిచ్చిందా? అతనికి అర్థం కాలేదు.

బస్సు వచ్చి ఆగింది. జనం సామాన్లు మోసుకుని లేచారు. వాళ్ళిద్దరూ వరసలో ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు. ఆమె సంచి బరువుగా ఉంటే అతను చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు. మెట్టు మీద కాలు పెట్టబోతూ, వెనక్కి తిరక్కుండా అడిగింది.

"ఏం పెట్టారక్కడ?"

"మాంసం."

"బాగుందా?"

తెల్లారి నుంచి ఆ ఊళ్ళో ఎవరైనా జవాబు కోసం అతన్ని అడిగిన ప్రశ్నలు ఆ రెండే. వెనక జనం తోసుకుంటున్నారు. నికనోర్ నాలుకతో పెదాలు తడుముకున్నాడు.

"బాగుంది," అన్నాడు.

హెర్మీనియా ఎక్కింది. మధ్య వరసలో కిటికీ పక్కన కూచుని, అతను దగ్గరికి వచ్చే లోపు, గుడ్డసంచి తీసి పక్క సీట్లో పెట్టింది.